తొమ్మిది మిల్లీమీటర్ల అంచు

2007 మే 21, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు కర్నూలులో మా ముందుగదిలో ఆ పుస్తకం వీపు విరిగింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. విరిచింది నేనే. పుస్తకం బల్ల మీద పూర్తిగా వాలడం లేదని నడిమధ్యన అరచెయ్యి పెట్టి నొక్కాను. అప్పటికి నాకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. దేన్ని ఎంత బలంగా నొక్కితే ఏమవుతుందో తెలియని మనిషిని కాను. అయినా నొక్కాను.

పుస్తకం నాది కాదు. రాజంపేటలో ఉండే మా చెల్లెలి కూతురిది. ఆ అమ్మాయి నాలుగేళ్లు హైదరాబాదులో ఒక బొమ్మల స్టూడియోలో పనిచేసింది. కెమెరాతో కాకుండా, మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్లోనే బొమ్మలు తయారుచేసి టీవీలో వేసిన తొలి తెలుగు సీరియల్ అక్కడిదే. ఆదివారం పొద్దున పది గంటలకు వచ్చేది. నేను ఒక్క వారం కూడా వదలకుండా చూశాను. ఒక ముసలామె, ఆమె గాడిద, ఇద్దరూ కలిసి మాయమైపోయిన ఏటిని వెతుక్కుంటూ పోతారు. కథ అంతే. ఒక వారం గాడిద నీడ ఎండ ఉన్న వైపే పడింది. నోటుబుక్కులో రాసి పెట్టుకుని మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నీడలు నా పని కాదు పెద్దమ్మా, రాళ్లు నా పని" అంది.

నిజంగా రాళ్లే ఆమె పని. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు పారే నీళ్లు చేయడం చేతకాలేదట. గడ్డి చేతకాలేదు, చెట్టు ఆకులు చేతకాలేదు. అందుకని కథనే నీళ్లు లేని చోటికి, గడ్డి మొలవని చోటికి తీసుకుపోయారు. అలాంటి చోటు ఎలా ఉంటుందో గీసి చూపించమని మా అమ్మాయికి అప్పగించారు. ఈమెకు ఒకరు నేర్పాలా? రాజంపేట నుంచి కడప దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు. నాపరాయి పొరలు, నెర్రెలు పడ్డ నల్లరేగడి, తుమ్మముల్లు, ముసలామె మడమల పగుళ్లు, అన్నీ పెన్సిలుతో కాగితం మీద గీసింది. ఆ కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించి, అందులో చేసిన ఉత్త ఆకారాల మీద గుడ్డ చుట్టినట్టు చుట్టారు. టీవీలో మనం చూసిన ప్రతి రాయి పైన ఉన్న చర్మం ఆమె చేతిది.

సీరియల్ అయిపోయాక, తొలిసారి ఇంత పని చేశాం గదా అన్న సంబరంతో స్టూడియో వాళ్లు ఒక పెద్ద బొమ్మల పుస్తకం అచ్చువేయించారు. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, ఇరవై ఐదు వెడల్పు. రెండు వందల పదహారు పేజీలు, అంటే నూట ఎనిమిది ఆకులు. అద్దంలాగా మెరిసే దళసరి కాగితం. నాలుగు చోట్ల మడత ఆకులున్నాయి, విప్పితే మూడు పేజీల పొడవు వస్తాయి. ఎడమవైపు పెన్సిలు బొమ్మ, మధ్యలో దోమతెరలాంటి గీతల ఆకారం, కుడివైపు టీవీలో కనబడిన బొమ్మ. ఒక రాయి ఎట్లా రాయి అయిందో పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు. నేను ఇలాంటి పుస్తకం అంతకు ముందు చూడలేదు. అమ్మడానికి వేసింది కాదు. పనిచేసిన వాళ్లకు తలా ఒకటి ఇచ్చారు, అంతే.

అందులో పేర్ల పట్టిక లేదు. ఇది ముఖ్యం. చివరి పేజీలో అందరి పేర్లూ వరుసగా పోసే బదులు, ఏ బొమ్మ ఎవరిదో ఆ బొమ్మ పక్కనే, బయటి అంచున, నిలువుగా, చీమల బారులాంటి చిన్న అక్షరాలతో వేశారు. మా అమ్మాయికి అది శానా గొప్పగా ఉండేది. "గుంపులో గోవిందా కాదు పెద్దమ్మా. నా రాయి పక్కన నా పేరు" అనేది.

తర్వాత స్టూడియో మూతపడింది. ఆమెది నెల జీతం ఉద్యోగం కాదు, బొమ్మకు ఇంత అని ఒప్పందం. కాబట్టి సర్టిఫికెట్టు అంటూ ఏదీ చేతికి రాలేదు. అసలు బొమ్మలు స్టూడియో దగ్గరే ఉండిపోయాయి, అవి ఎటు పోయాయో తెలియదు. ఆమె దగ్గర మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. ఇంతలో కడపలో, రాయచోటికి పోయే దారిలో, కొత్తగా తెరుస్తున్న ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ బొమ్మలు నేర్పడానికి ఒక టీచరు కావాలని పేపర్లో పడింది. ఒకటే ఉద్యోగం. పనిచేసిన అనుభవానికి రుజువు తప్పనిసరి అని రాశారు. ఇంటర్వ్యూ జూన్ 4, సోమవారం, పొద్దున పదిన్నరకు. ఇంటికి దగ్గర్లో ఆమె చేయగలిగిన పని ఇంకొకటి లేదు. మళ్లీ హైదరాబాదు పోయి గదులు వెతుక్కునే ఓపిక తనకు లేదని నాతో రెండుసార్లు చెప్పింది. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటం నేర్పమని మే 19న పుస్తకంతో మా ఇంటికి వచ్చింది.

నేనేం చేశాను? ఏ పేజీలో ఆమె పేరు ఉందో పట్టిక రాద్దామని కూర్చున్నాను. పంతొమ్మిది చోట్ల ఉంది. పట్టిక రాయడం అయిపోయింది. సరి చూద్దామని రెండోసారి తిప్పుతున్నాను. కర్నూలు మే నెల ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వీపుకు వేసిన జిగురు ఎండి గాజులా అయి ఉంది. అప్పుడు నొక్కాను.

ఆమె వంటింట్లోంచి వచ్చి చూసింది. పుస్తకం రెండు ముక్కలు, మధ్యలో తొమ్మిది ఆకులు విడిగా.

"ఏం కాలేదులే పెద్దమ్మా. అట్లనే తీసకపోతా. పేర్లు కనబడతాండాయి గదా."

"ఊడిన పుస్తకం పట్టుకుని ఇంటర్వ్యూకి పోతావా? చూసేవాళ్లు ఏమనుకుంటారు? రేపు బైండింగుకు ఇస్తాను."

"వద్దు పెద్దమ్మా."

"వద్దంటే ఏంది? నాకు తెలిసినాయన ఉన్నాడు."

ఆమె అప్పుడు వద్దంది. ఇది నేను రాసి తీరాలి.

మా వైపు బడికి పోయే పిల్లలున్న ఏ ఇంట్లో అయినా జూన్ వస్తే పుస్తకాలు ముందు బైండింగుకు పోతాయి, తర్వాతే చదువు. కొత్త పుస్తకాన్ని అట్లాగే చదవడమంటే బట్ట కుట్టించకుండా చుట్టుకున్నట్టు. కుట్టు వేసి, కాలికో గుడ్డ అంటించి, గట్టి అట్ట వేసి, మూడు వైపులా అంచులు కోసి సమం చేస్తారు. నేను బడిలో ఉన్నన్నాళ్లూ హాజరు పట్టీలు, మార్కుల రిజిస్టర్లు అన్నీ పాత ఊళ్లో ఒక సాయిబు దగ్గరే కుట్టించేదాన్ని. అతనికి ఒకటే లోపం. అంచులు ఎప్పుడూ ఒక పక్క వంకర పోయేవి. స్కేలు పెట్టి చూపించి వెనక్కి పంపేదాన్ని. ఒక ఏడాది ఒకే రిజిస్టరును మూడుసార్లు పంపాను. అతను నన్ను చూస్తేనే భుజాలు దగ్గరకు లాక్కునేవాడు.

మంగళవారం పొద్దున నేను పోయినప్పుడు అతను అంగట్లో లేడు. అతని భార్య కూర్చుని పిల్లల పుస్తకాలకు కుట్టు వేస్తోంది. చుట్టూ ఆమె ఎత్తున పాఠ్యపుస్తకాల దొంతులు.

"ఆయన యాడికి పోయినాడు?"

"బజారుకు పోయినాడు టీచరమ్మా. ఇంగ వచ్చేస్తాడు. కూచోండి."

ఎండ ముదరకముందే ఇంటికి పోవాలని ఆగలేదు. ఒక చీటీ రాసి పుస్తకంలో పెట్టి ఇచ్చాను. శనివారం పొద్దునకు తయారుగా ఉండాలని మాత్రం నోటితో చెప్పాను. చీటీలో ఏం రాశానో ఆ రోజు ఇంటికి వచ్చాక ఎవరైనా అడిగి ఉంటే సరిగా చెప్పలేకపోయేదాన్ని. ముప్పై ఏళ్లు రాసినదే చెయ్యి తనంతట తాను రాసింది.

మే 26, శనివారం, తొమ్మిదింటికి ఇద్దరం పోయాం. సాయిబు ఎదురు చూస్తున్నాడు. పుస్తకాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టాడు. గుడ్డ విప్పి, బల్ల మీద స్కేలు కూడా తానే తీసి పెట్టాడు.

"ఏం టీచరమ్మా, ఇప్పుడు చూడండి. మీ స్కేలు తెచ్చినారా, నాది పెట్టేదా? వెంట్రుకంత తేడా ఉంటే ఈ అంగడి మూసేస్తా."

"నిన్న పొద్దంతా దీని ముందరనే కూచున్యాడు" అంది భార్య. "పిల్లోళ్ల పుస్తకాలకు ఒక్కటన్నా కుట్టనీలేదు. టీచరమ్మ పుస్తకం, టీచరమ్మ పుస్తకం అని ఒకటే పాట."

మా అమ్మాయి పుస్తకం తెరిచి నలభై ఒకటో పేజీ తీసింది. నెర్రెలు పడిన చెరువు గట్టు బొమ్మ అది. కాసేపు చూసి, పేజీని వెలుతురు వైపు తిప్పి, మళ్లీ చూసింది.

"పెద్దమ్మా, పేరు లేదు."

తర్వాతి పేజీ తీసింది. అందులోనూ లేదు. మడత ఆకు తీస్తే మిగతా రెండు పేజీలు ఊడి ఆమె ఒళ్లో పడ్డాయి. మడత ఉండే చోటే కత్తి దిగింది. నాలుగు మడతలూ అంతే. స్కేలు అక్కడే ఉంది కాబట్టి కొలిచాను. మూడు వైపులా తొమ్మిది మిల్లీమీటర్ల చొప్పున కోశాడు. పేర్లు అంచు నుంచి ఐదు మిల్లీమీటర్ల లోపల ఉండేవి.

"ఎవరు కొయ్యమన్నారు నిన్ను?" అన్నాను. గొంతు పైకి పోయింది. పక్క అంగడి వాళ్లు తొంగి చూశారు.

అతను బల్ల సొరుగు లాగి నా చీటీ తీశాడు. కళ్లజోడు లేకపోయినా నా దస్తూరి నాకు కనిపించింది. 'వీపు ఊడినది. కుట్టి గట్టి అట్ట వేయవలెను. అంచులు మూడు వైపులా సమముగా ఉండవలెను.' సమముగా అన్న మాట కింద రెండు గీతలు.

"మడతలు తెగతాయని నాకూ అనిపించె టీచరమ్మా. కొయ్యకుండా ఇస్తే మళ్లీ వంకర అంటారని కోసినా."

"బొమ్మల పుస్తకమని తెలీదా?"

"తెలుసు. బొమ్మలైతే అంచులు వంకరుండొచ్చునా మరి?"

భార్య కలగజేసుకుంది. "అంత అరిచేదేముంది టీచరమ్మా? మీరు రాసిచ్చిందే చేసినాడు గదా. రాయని దానికి తిట్టినా తింటాడు, రాసినదానికీ తిడితే ఎట్ల?"

నా మీద నాకు వచ్చిన కోపం అతని మీద చూపించే వీలు లేకపోయింది. అంచులు నిజంగానే సమంగా ఉన్నాయి. ఆ మాట అతనితో అనలేదు.

ముందు తేరుకున్నది మా అమ్మాయే. "కోసిన ముక్కలు యాడ వేసినావు సాయిబూ?" అంది. సంచిలో పోసి, నిన్న సాయంత్రమే గాజుల శెట్టికి ఇచ్చేశాడట. గాజులు పగలకుండా పెట్టెల్లో నింపడానికి అంచుల ముక్కలన్నీ అక్కడికే పోతాయి.

గాజుల శెట్టి గోదాము అక్కడికి రెండు వీధుల అవతల. ఆయన లావుపాటి మనిషి, విసనకర్ర ఊపుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, సాయిబు నిన్న పంపిన సంచి యాడుంది?"

"కాగితాలకు వచ్చినారా? నేను పెండ్లి గాజులకేమో అనుకుంటి. అదిగో ఆడ పోసినారు చూడండి. వెతుక్కోండి, మీకు ఓపికుంటే. వానలు పడేలోపల అయిపోతే శానా సంతోషం."

మూలన నడుం ఎత్తున కాగితపు ముక్కల కుప్ప ఉంది. పాఠ్యపుస్తకాల అంచులన్నీ అందులోనే. మా అదృష్టం, మా పుస్తకం కాగితం దళసరి, మెరుస్తుంది, మిగతావి మబ్బుగా ఉంటాయి. మెరిసేవి ఒక పక్కకు తీస్తూ పోయాం. పైన కింద అంచుల ముక్కలు పొట్టివి, వాటితో నాకు పని లేదు. ముప్పై సెంటీమీటర్ల పొడవున్నవే కావాలి. మొత్తం నూట ఎనిమిది ఉండాలి. శని, ఆదివారాలు పగలంతా అక్కడే కూర్చున్నాం. దుమ్ముకు మా అమ్మాయికి తుమ్ములు ఆగలేదు. నా నడుము మూడో గంటకే పట్టేసింది, ఐనా లేవలేదు. డెబ్బై ఒకటి దొరికాయి. అందులో ఆమె పేరున్నవి పదకొండు.

"మిగతావి?" అని శెట్టిని అడిగాను.

"ఆ మెరిసేవి జారతాయమ్మా, గాజులు నిలవవు వాటిలో. నాకు పనికిరావు. అయినా శనివారం తెల్లారగట్ల ఆలూరుకు పోయిన పెట్టెల్లో చూసుకోకుండా వేసి పంపినట్టుండారు మావాళ్లు."

సోమవారం పొద్దున బళ్లారి బస్సెక్కి ఆలూరులో దిగాం. గాజుల అంగడి ఒక నడివయసు ఆమెది. మా మాట పూర్తిగా వినకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"గాజులు తీసుకోరా? కాగితాలా కావాల? ఇట్లాంటి బేరం నేను యానాడూ సూడలే. దుడ్లేమీ వద్దు, తీసుకోండి. గాజులు మాత్రం పగలగొట్టాకండి."

ఆమె పెట్టెలు అప్పటికే సగం విప్పి ఉన్నాయి. విప్పిన పెట్టెల్లో కాగితాలు ఏమయ్యాయంటే, పొద్దున పొయ్యి రాజేయడానికి వాడానని చెప్పింది. తప్పు ఆమెది కాదు. మిగిలిన పెట్టెల్లో వెతికితే పదహారు దొరికాయి. అందులో పేరున్నవి మూడు. రెండు గాజులు పగిలాయి, మా అమ్మాయి చేతి కిందవి. అంగడామె ముక్కలు ఏరి పక్కన పెట్టి, మేము పోయేదాకా మా చేతుల వైపే చూస్తూ నిలబడింది.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా మా ఇంట్లో అతికించే పని. ఏ ముక్క ఏ పేజీదో తెలుసుకోవడం కష్టం కాలేదు. బొమ్మలు కాగితం చివరిదాకా ఉన్నాయి కాబట్టి రాతి పొర ఎక్కడ తెగిందో అక్కడే ముక్కలో మళ్లీ మొదలయ్యేది. పైగా నా పట్టికలో పేజీ నంబర్లున్నాయి. భూతద్దం, స్కేలు, పల్చటి గంజి, వెనకవైపు పల్చటి కాగితం. ఒక్కొక్క దానికి గంటకు పైగా పట్టింది. గంజి ఆరేటప్పుడు కాగితం ముడుచుకునేది. కోసినప్పుడు అర మిల్లీమీటరు ఎక్కడో కత్తిలో పోయింది, ఆ మేరకు గీత గీతకు కలవలేదు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. మొదటిది తెలియక చేశాననుకోవచ్చు. ఇది ఆలోచించి చేసింది.

"పెద్దమ్మా, ఎనభై ఏడు ముక్కలుండాయి గదా. అన్నీ అతికిద్దాం."

"నీ పేరున్నవి పద్నాలుగు. వాటితోనే పని. మిగతా డెబ్బై మూడూ అతికించాలంటే ఎన్ని గంటలు పడుతుందో లెక్క వేశావా?"

"అయితే ఒక్కటీ అతికించొద్దు. ముక్కలు ముక్కలుగానే తీసకపోయి చూపిస్తా."

"చెత్త కాగితాలు పట్టుకొచ్చిందనుకుంటారు."

"నువ్వు చెప్తే ఇంగ వినాల్సిందేనా?"

"వినాల్సిందే."

ఆమె విన్నది. పద్నాలుగు అతికించాం. మిగతా డెబ్బై మూడింటిని కవరులో పెట్టి బీరువాలో పెట్టాను. ఊరికే బరువు ఎందుకని కడపకు తీసుకుపోలేదు. ఆ వారంలో ఇంకో కాపీ కోసం స్టూడియో నంబరుకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. తొమ్మిదిసార్లు మోగింది, ఎత్తలేదు. రెండుసార్లు ఎత్తినవాళ్లు అది సిమెంటు ఏజెన్సీ అన్నారు. ఆమెతో పనిచేసిన ఒకరిద్దరి ఫోన్లు కూడా మారిపోయాయి.

జూన్ 3 ఆదివారం కడప చేరాం. మరుసటి రోజు పది గంటల ఇరవై నిమిషాలకు కళాశాల వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. సున్నం వాసన ఇంకా పోలేదు. ఆమెను పదకొండుంబావుకు పిలిచారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు అన్నీ వినబడ్డాయి. లోపల ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ఆయన, ఒక పక్క టై కట్టుకున్న కుర్రాయన, ఇంకో పక్క రాసుకుంటున్న ఒకామె.

మొదట్లో బాగానే జరిగింది. కంప్యూటర్‌కు నీళ్లు చేతకాక కథను ఎండిన చోటికి ఎందుకు తీసుకుపోయారో ఆమె చెబుతుంటే టై ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను నేర్పిన ఒక్క వాక్యం కూడా ఆమె వాడలేదు, తన మాటల్లోనే చెప్పింది. బాగా చెప్పింది. తర్వాత పెద్దాయన పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఈ అంచు అతికించినట్టుందే."

"అవును సార్. బైండింగులో తెగిపోయింది. తెగిన ముక్కనే మళ్లా అతికించినాం."

"ఈ పేజీకి తెగలేదా?"

"అన్ని పేజీలకూ తెగింది సార్."

ఆయన ఇంకొన్ని తిప్పాడు. నాకు అప్పుడే అర్థమైంది. ఆయన వేలు పద్నాలుగు చోట్ల ఆగుతుంది, ఆ పద్నాలుగు చోట్లా ఒకటే పేరు ఉంటుంది. మిగతా పేజీలన్నీ కోసిన అంచుతో, ఎవరి పేరూ లేకుండా, శుభ్రంగా ఉంటాయి.

"మరి మీ పేరున్నవే ఎందుకు అతికించినారు?"

జవాబు చెప్పాలంటే ఆమె నన్ను చూపించాలి. నేను లేచి లోపలికి పోయాను.

"అతికించింది నేనండి. టైము చాలక అవి మాత్రమే అతికించాను. మిగతా ముక్కలు మా ఇంట్లో ఉన్నాయి. మొత్తం ఎనభై ఏడు."

"మీరెవరు?"

"ఈమె పెద్దమ్మను."

టై ఆయన తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను పేజీల పట్టిక తీసి బల్ల మీద పెట్టాను. పెద్దాయన దాన్ని మర్యాదగానే చూశాడు.

"ఇది కూడా మీరే రాసినారా అమ్మా?"

"నేనే."

"అదే" అని పట్టిక మడిచి నాకు తిరిగి ఇచ్చాడు.

మా అమ్మాయి అప్పుడు ఒక కాగితం, పెన్సిలు అడిగింది. ఇక్కడే కూర్చుని ఒక నాపరాయి గీసి చూపిస్తాను, పుస్తకంలో రాయితో పోల్చుకోండి అంది. ఆ మాట నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. రాసుకుంటున్న ఆమె కాగితం కోసం చెయ్యి చాచింది కూడా. పెద్దాయన వద్దన్నాడు.

"గీయగలవని మాకు అనుమానం లేదమ్మా. పుస్తకం ఉంటే ఎవరైనా చూసి సాధన చేస్తారు. బయట ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. స్టూడియో నుంచి ఒక ఉత్తరం తీసుకురా, చూద్దాం."

స్టూడియో లేదని ఆమె చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆ ఊపడానికి నమ్మాననే అర్థం లేదు, నమ్మలేదనే అర్థమూ లేదు. పదకొండు నలభై రెండుకు బయటికి వచ్చాం.

బస్టాండులో ఆమె చెరకు రసం తాగింది. నేను తాగలేదు. రాజంపేట బస్సు వచ్చాక ఎక్కబోతూ ఆగింది.

"అన్నీ అతికిద్దామని నేను చెప్పినా గదా పెద్దమ్మా."

"చెప్పావు."

"బైండింగుకే వద్దని గూడా చెప్పినా."

"చెప్పావు."

అంతకు మించి అనలేదు. అని ఉంటే బాగుండేది. పుస్తకం ఆమె నాకే ఇచ్చి పోయింది, దాన్ని మోసుకుపోయే ఓపిక లేదంది.

జూన్ 6న కళాశాలకు నాలుగు పేజీల ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపాను. ఏ రోజు ఏం జరిగిందో, ఎన్ని ముక్కలు ఎక్కడ దొరికాయో అన్నీ రాశాను. పిలిస్తే డెబ్బై మూడు ముక్కలూ సాయిబునూ వెంటబెట్టుకుని వస్తానని కూడా రాశాను. సాయిబు అందుకు ఒప్పుకున్నాడు. "నేనొచ్చి చెప్తా టీచరమ్మా, గల్తీ నాది అని" అన్నాడు. అతనిది కాదని నేను అన్నాను. జూన్ 20న రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఉద్యోగం భర్తీ అయిందని మొదటి వాక్యం. ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలని రెండోది. చేరిన ఆయన ఎవరో, ఏం గీశాడో నాకు తెలియదు. కనుక్కోలేదు.

ఆగస్టులో ఆమె మళ్లీ హైదరాబాదు పోయింది. ఏదో ప్రకటనల కంపెనీలో సబ్బుల మీద నురగ గీసే పని. ఇప్పుడు కంప్యూటర్లకు నీళ్లు చేయడం వచ్చిందట.

పోయినవి ఇవి:

పుస్తకం ఎత్తులో పద్దెనిమిది మిల్లీమీటర్లు, వెడల్పులో తొమ్మిది.
మడత ఆకులు నాలుగు, ఎనిమిది ముక్కలయ్యాయి.
నిలువు అంచులు ఇరవై ఒకటి, ఆలూరులో పొయ్యిలోకి పోయినవి కొన్ని, మిగతావి ఎక్కడికి పోయాయో తెలియదు.
వాటితో పాటు ఆమె పేరు ఐదు చోట్ల.
పైన, కింద అంచులు మొత్తం, అవి నేను వెతకలేదు.
ఆలూరు ఆమెవి గాజులు రెండు.
రోజులు పదిహేను, మొదటిదీ చివరిదీ కలిపి.
కడపలో ఉద్యోగం ఒకటి.